రాజేశం బంగారు చేపలు

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగి, బట్ట నేసే పని పోయాక రాజేశానికి మిగిలిన వ్యాపకం ఒక సిమెంటు తొట్టి, అందులో బంగారు చేపల జంట. పొద్దున్నే లుంగీ పైకి కట్టి, తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, నీళ్లలో వేలు ముంచి చూస్తాడు. మగచేప చెంపల మీద తెల్లచుక్కలు లేస్తే ఇక గుడ్ల కాలమేనని దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెబుతాడు. ఒకసారి నల్లా నీళ్లు క్లోరిన్ పోయేదాకా నిలవ ఉంచకుండా పోసి పిల్లలన్నింటినీ చంపుకున్నాడు. ఇంకోసారి పెట్టిన గుడ్లను చేపలే తినేశాయి. "నేను ముట్టుకుంటే సాంచె ఆగింది, చేప ఆగింది. ఇగ మీరు జర దూరముండుండ్రి," అని ఎవరూ నవ్వకముందే తానే నవ్వేవాడు.

మహారాష్ట్రలోని భీవండిలో సాంచెల పనికి బయలుదేరే రోజు ఉదయం చూస్తే, తొట్టిలో గుడ్ల కోసం వేలాడదీసిన దారం కుచ్చు నిండా గుడ్లు. బట్టల సంచి గడప దగ్గర పెట్టి, మగచేపను బకెట్లోకి తీశాడు.

"దాన్నెందుకు తీస్తున్నవ్?" అంది భార్య కళావతి.

"తండ్రి దగ్గరుంటే గుడ్లు తింటడే. మనింట్ల గూడ గంతే. నేను పోతెనే పిల్లలు బతుకుతరు," అని నవ్వాడు.

కళావతి నవ్వలేదు. "తల్లి తినదా?"

"తల్లి గూడ తింటది."

"మరి నన్నెందుకు ఇడిశిపెట్టి పోతున్నవ్?"

రాజేశం వంగి తల్లిచేపను కూడా తీసి, మగదాని పక్కనే అదే బకెట్లో వదిలి, సంచి భుజాన వేసుకుని ఒక్కడే గడప దాటాడు.