నా నడతకు మూడు ఆదివారాలు

ఇప్పటి పిల్లలు పదో తరగతిలో ఉండగానే ఏ కాలేజీకి ఏ తేదీలోపల ఏ కాగితం పంపాలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతారు. ఆ రోజుల్లో మాకు తేదీ అంటే పరీక్ష తేదీ ఒక్కటే. అది దాటిపోతే ఇక లోకంలో తేదీలే లేనట్టు తిరిగేవాళ్ళం. మా దొరవారిసత్రంలో, అందునా మా చర్చి వీధిలో, స్కూలు ఫైనలు దాకా చదివిన ఆడపిల్లలు ముగ్గురో నలుగురో. వాళ్ళంతా టీచరు ట్రైనింగుకో నర్సు ట్రైనింగుకో పోయినవాళ్ళు. (పెళ్ళి చేసుకుని పోయినవాళ్ళూ ఉన్నారు కానీ, దానికి అప్లికేషను పెట్టనక్కర్లేదు.) కాలేజీకి పోవాలన్న బుద్ధి మా వీధిలో మొదట పుట్టింది నాకే. ఆ బుద్ధికి తోడు కాస్త తెలివి కూడా పుట్టి ఉంటే ఈ సంగతంతా రాయవలసిన పని ఉండేది కాదు.

సూళ్లూరుపేట హైస్కూల్లో మాకు లెక్కలు చెప్పిన టీచరమ్మ పరీక్షల ముందు ఒకరోజు నా పేపరు దిద్దుతూ ముచ్చటపడి, "నీలాంటి పిల్లని కాలేజీవాళ్ళు కళ్ళకద్దుకుని పిలుచుకుంటారే" అంది. ఆవిడ మెచ్చుకోలుగా అన్నమాట. నేను దాన్ని సమాచారంగా తీసుకున్నాను. ఫలితాలొచ్చాయి, ఫస్టు క్లాసొచ్చింది, ఇక పిలుపు రావడమే తరువాయి అనుకుని కూర్చున్నాను. ఉదయం పాసింజరు బండి వెళ్ళిన కాసేపటికి మా పోస్టాయన సంచి భుజాన తగిలించుకుని వీధి మలుపు తిరిగేవాడు. నేను అప్పటికే జడ వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని (కాలేజీ నుంచి వచ్చే ఉత్తరాన్ని జిడ్డు మొహంతో అందుకోకూడదు కదా) వాకిట్లో సిద్ధంగా నిలబడి ఉండేదాన్ని. "నాకేమన్నా ఉందా మామా?" అంటే "ఏమీ లేదు పాపా" అనేవాడు. ఇట్లా మూడు వారాలు గడిచాయి. నా మార్కులు నెల్లూరు కాలేజీవాళ్ళకు ఎవరు చెబుతారు, మా ఇంటి చిరునామా వాళ్ళకెట్లా తెలుస్తుంది అన్న ప్రశ్న నాకు ఒక్కసారైనా తట్టలేదు. లెక్కల్లో క్లాసు ఫస్టు వచ్చినదాన్ని, ఆ చిన్న లెక్క మాత్రం వేసుకోలేకపోయాను.

మా నాయన స్టేషను దారిలో మిషను పెట్టుకున్న టైలరు. ఆయన కుట్టిన బట్టలకు కాజాలు తీయడం, బొత్తాలు వేయడం అమ్మ వంతూ నా వంతూ. సాయంకాలం ఎండ తగ్గి, పులికాట్ వైపు నుంచి ఉప్పుగాలి మొదలైన వేళ వాకిట్లో చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. కుట్టడం నేను, మాట్లాడడం అమ్మ. అమ్మ మాటలకు మొదలూ తుదీ ఉండేవి కావు. ఎప్పుడో చిన్నప్పుడు పడవలో పోతూ పోగొట్టుకున్న చెవి కమ్మ దగ్గర మొదలై, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలన్న దగ్గరికి వచ్చి, మళ్ళీ కమ్మ దగ్గరికి పోయేవి. నేను ఊఁ కొడుతూ మనసులో కాలేజీ మెట్లెక్కుతూ ఉండేదాన్ని.

అట్లాంటి ఒక శుక్రవారం మా అక్కనిచ్చిన బావ నెల్లూరు నుంచి వచ్చాడు. అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. కాళ్ళు కడుక్కుంటూనే, "ఏంది మే, కాలేజీలో చేరినట్టేనా?" అన్నాడు.

"ఇంకా పిలుపు రాలేదు బావా" అన్నాను.

చెంబులో నీళ్ళు చెంబులోనే ఉండిపోయాయి. "పిలుపేంది? అదేమన్నా పేరంటమా? మనమే పోయి అప్లికేషను పెట్టాల. ఆఖరు తేదీ దగ్గిరికొచ్చేసినాది. మీ అక్క పోరు పడలేక నేనే ఒక ఫారం తెచ్చినా, లేకుంటే ఏమయ్యుండేదో!"

ఫారం ఇచ్చేందుకు ఆఖరు రోజు సోమవారం. ఆ వచ్చే సోమవారం కాదు, దాని తర్వాతది కాదు, ఆపై సోమవారం. హమ్మయ్య అనుకున్నాం. ఫారం నింపడం అరగంట పని. కానీ చివరి పేజీలో ఒక మెలిక ఉంది. అభ్యర్థిని నడత గురించి బంధువు కాని పెద్దమనిషి ఒకరు స్వయంగా రాసి, కవరు అంటించి ఇవ్వాలి. నాయన నవ్వేశాడు. "దానికేముంది? మన అయ్యగారుండారు గదా" అన్నాడు. అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు. ఆయన తెల్లకోట్లన్నీ నాయన కుట్టినవే. ఇన్నేళ్ళుగా భుజాల కొలతలు తీసుకుంటున్న మనిషికి రెండు ముక్కలు రాసివ్వడా అని నాయన ధీమా.

మరునాడు పొద్దున్నే నాయనా నేనూ వెళ్ళాం. అయ్యగారు ఫారాన్ని ఆ వైపు ఈ వైపు తిప్పి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన నిజాయితీ మా ఊరికంతా భయం. పైగా అంతకుముందు ఎవరికో 'నమ్మకస్థుడు' అని చీటీ రాసిస్తే, ఆ నమ్మకస్థుడు పక్క ఊరి చర్చి హార్మోనియం ఎత్తుకుని పోయాడు. అప్పటినుంచీ అయ్యగారు కలం మూత తీయడానికే జంకేవాడు.

"టైలరుగారూ, మీ అమ్మాయి మంచిది కాదని నేననను. కానీ మంచిదని ఏ ఆధారంతో రాయను? నేను చూచేది ఆదివారం గంటన్నర. ఆ గంటన్నర అందరూ మంచివారే. మిగతా ఆరు రోజులు చూచేది సంఘము" అన్నాడు. కాసేపు ఆలోచించి, "పెండ్లికి మూడు ఆదివారాలు ప్రకటన చేసి, అభ్యంతరాలున్నవా అని అడుగుతున్నాము గదా. ఇద్దరి సంగతి అడిగినప్పుడు ఒకరి సంగతి అడగకూడదా? సంఘము ఏమి చెప్పునో వినిన తరువాత రాస్తాను" అని తేల్చేశాడు.

నాయన అక్కడికక్కడే వేళ్ళు ముడిచాడు. రేపొకటి, ఆపైదొకటి, దాని తర్వాతదొకటి, మర్నాడే సోమవారం. "సరిపోయింది అయ్యగారూ" అన్నాడు ఎంతో సంతోషంగా. నేను మాత్రం వేళ్ళు ముడిచి నా తప్పులు లెక్కపెట్టుకున్నాను. నా నడత గురించి ఊరికి తెలిసినంత నాకూ తెలుసు.

మొదటి ఆదివారం అయ్యగారు పెళ్ళి ప్రకటనల పుస్తకమే తెరిచి, అదే గొంతుతో, "మన సంఘస్థుడైన టైలరుగారి రెండవ కుమార్తె..." అని మొదలుపెట్టేసరికి ఆడవాళ్ళ వైపు గుసగుసలు. "పిల్లోడెవురు? పిల్లోడిది ఏ ఊరు?" అయ్యగారు ఆగి, పిల్లోడు లేడని, పిల్ల నెల్లూరు కాలేజీకి పోదలచిందని, ఆమె నడత విషయంలో ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పవలెనని వివరించాడు. ఎవరూ లేవరనుకున్నాను. మా చర్చి గంట కొట్టే గంట తాత మోకాళ్ళు పట్టుకుని లేచాడు. "ఒక బుధవారం మిట్టమద్దినం గంట కొట్టింది ఈ పిల్లే సామీ. ఊరంతా ఇల్లు కాలతా ఉందనుకోని బిందెలెత్తుకోని పరిగెత్తుకొచ్చినారు." నిజమే. తాడు పట్టుకుని ఊగాలనిపించింది, ఊగాను. ఆయన కూర్చోకముందే కోళ్ళు పెంచే గుడ్లత్త లేచింది. కోత పండుగకు తను కానుకగా కట్టేసిన తెల్లకోడిని నేను విప్పి తోలేశానట. అది ఇంటికి తిరిగొస్తే, దేవుడు వద్దన్నాడేమోనని ఏడాదంతా కుమిలి, మరుసటేడు మళ్ళీ అదే కోడిని తెచ్చి ఇచ్చిందట. అయ్యగారు ఒక చిన్న నోటుబుక్కు తీసి రెండూ రాసుకున్నాడు.

రెండో ఆదివారం వచ్చిన అభ్యంతరం ముందు గంటా కోడీ ఏపాటివి? మా వీధిలో జల్లెడ పెద్దమ్మ ఉండేది (ఆమెకు చెప్పిన మాట ఆమెలో నిలవదు గనుక ఆ పేరు). ఆమె కొంగు సర్దుకుని లేచి, "అయ్యగారా, పిల్ల మీద నాకేం కోపం లేదు. కానీ ఇది మూడు వారాలు దినామూ పోస్టాయన కోసం వాకిట్లో కాసుకోని ఉండింది. జడేసుకోని, పౌడరేసుకోని. వయసొచ్చిన పిల్లకు జాబు యాడ నుంచి రావాలో సంఘానికి తెలియాల గదా?" అంది.

నాయన తల వంచుకున్నాడు. ఆ ప్రశ్నకు సరైన జవాబు లేకపోతే ఆ కాలంలో ఆడపిల్ల చదువు అక్కడితో సరి. కాలేజీ మాట దేవుడెరుగు, వీధిలో తలెత్తుకుని నడవడమే కష్టం. అయ్యగారు నోటుబుక్కు మీద కలం ఆనించి, "అమ్మాయీ, ఆ ఉత్తరం ఎవరి దగ్గరనుండి?" అని మెల్లగా అడిగాడు.

లేచాను. "కాలేజీ నుంచి అయ్యగారూ."

"కాలేజీలో ఎవరు?"

"ఎవరూ కాదు అయ్యగారూ, కాలేజీయే. ఫస్టు క్లాసొచ్చింది గదా, వాళ్ళే జాబు రాసి పిలుస్తారనుకున్నా."

మగవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. ఇక అంతే, చర్చి చర్చంతా పగలబడి నవ్వింది. గంట తాతకు దగ్గు తెర వచ్చింది. అయ్యగారు కీర్తనల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు కానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. జల్లెడ పెద్దమ్మ, "అయితే ఇది నడత తప్పు కాదులే సామీ, తెలివితక్కువ. అది రాసుకోబాకండి" అని దయతలచి కూర్చుంది. నా జన్మలో అంత సిగ్గుపడి అంత బతికిపోయిన రోజు ఇంకొకటి లేదు.

మూడో ఆదివారానికి ఊళ్ళో నా తప్పులు అయిపోయాయి. అయ్యగారు చదివి, అటూ ఇటూ చూసి, పుస్తకం మూయబోయాడు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ లేచింది. ఇంట్లో ఎంత మాట్లాడినా చర్చిలో ఏనాడూ నోరు తెరవని మనిషి.

"నాకొగ అభ్యంతరం ఉండాది" అంది. నాయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "సాయంకాలం కాజాలు కుట్టుకుంటా నేను మాట్లాడేది దీంతోనే. ఇది పోతే నాకు మాట్లాడేదానికి ఎవురుండారు? ఇది పిల్ల తప్పు కాదు, నాకు తెలుసు. మీరు మూడు వారాలు అడగతా ఉంటే లోపల పెట్టుకోలేక చెప్పినా. పంపించేది మాత్రం పంపించండి."

"అది నడతకు సంబంధించిన మాట కాదు గదమ్మా" అన్నాడు అయ్యగారు.

"అయితే రాయబాకండి" అని అమ్మ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. నలుగురిలో ఆ మాట అవసరమా అనుకున్నాను. ఆ పూట ఇంటికి పోయాక కూడా ముభావంగానే ఉన్నాను.

మధ్యాహ్నానికి అయ్యగారు కవరు అంటించి పంపాడు. సోమవారం పొద్దున పాసింజరుకు నాయనా నేనూ నెల్లూరు చేరాం. ఆఫీసు గుమాస్తా ఆఖరు రోజు వచ్చినందుకు విసుక్కుని మమ్మల్ని ప్రిన్సిపాలమ్మ గదిలోకి తోలాడు. ఆవిడ కవరు చించి రెండు పేజీలు బయటకు తీసింది. (అందరివీ రెండు వరుసలే ఉంటాయని తర్వాత తెలిసింది.) చదువుతూ చదువుతూ తలెత్తి, "కోడిని ఎందుకు విప్పావు?" అని అడిగింది. నా ప్రాణం పోయింది. "కాళ్ళు కట్టేసి ఉంటే చూడలేక అండీ" అన్నాను. ఆవిడ రెండో పేజీ తిప్పి, చివరి దాకా చదివింది. తర్వాత కాగితం నా వైపు తిప్పి, "ఇది నువ్వు చదువుకో" అని కింది వరుసలు చూపించింది. అయ్యగారి గుండ్రటి చేతిరాత.

"మూడవ ఆదివారమున ఈమె తల్లి లేచి, ఈమె వెళ్ళినయెడల తనకు మాటాడుటకు తోడు లేదని అభ్యంతరము చెప్పినది. ఈమె నడతను గూర్చి నాకు దొరికిన సాక్ష్యములలో ఇదియే గొప్పది."

అది చదివి నా కళ్ళు చెమర్చాయని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. అట్లాంటిదేమీ జరగలేదు. నేను ఆ వరుసల పక్కన ప్రిన్సిపాలమ్మ ఎర్రసిరాతో ఏం రాయబోతున్నదా అని చూస్తున్నాను. 'చేర్చుకోవచ్చును' అని రాసింది. నాకు ఇంకేమీ కనబడలేదు. సాయంత్రం ఇల్లు చేరాక అమ్మ గడపలో నిలబడి "ఏమైనాది?" అంటే, "సీటొచ్చింది" అని అరిచి, ఎదురింటి స్నేహితురాలికి చెప్పడానికి పరుగెత్తాను. ఆ కాగితంలో తన మాట కూడా ఉందని, అయ్యగారు దాన్ని అన్నిటికన్నా గొప్పదన్నారని అమ్మకు చెప్పనేలేదు. ఆనాడు తోచలేదు. తోచిన నాటికి చెప్పడానికి అమ్మ లేదు.

ఆ అయ్యగారు ఇప్పుడు మళ్ళీ పుస్తకం తెరిచి, నాలుగో ఆదివారం నా పేరు చదివి, అభ్యంతరాలున్నవా అని అడిగితే లేచేదాన్ని నేనే. గంట సంగతీ కోడి సంగతీ కొట్టెయ్యమంటాను. వాళ్ళమ్మ మాట చదివి కూడా సీటు వైపే చూసింది అయ్యగారూ, అది రాసుకోండి అంటాను. సర్టిఫికెట్టు మాత్రం ఇచ్చెయ్యండి, పదహారేళ్ళ పిల్ల, అంత చెడ్డదేమీ కాదు.