నుమాయిషుకు తోల్కపోయే ఈడు

కేతేపల్లి సాలోళ్ల వాడకట్టులో పుష్యమాసం చలి మొదలైందంటే పిల్లలకు ఒకటే ధ్యాస. హైదరాబాదులో నుమాయిష్, అదే పెద్ద ఎగ్జిబిషన్, పెడతారు, ఈసారి ఉప్పలమ్మవ్వ ఎవరిని తోల్కపోతుంది? ఆమె బిందె పట్టుకుని గడప దాటితే చాలు, ఇద్దరు ముగ్గురు ఉరికొచ్చి బిందె అందుకునేవాళ్లు. చెప్పకముందే వాకిలి ఊడ్చేవాళ్లు. ఆమె అన్నీ చూస్తూ ఊరుకునేది. పని చేసినందుకు గుప్పెడు పుట్నాలు పెట్టేదే తప్ప మాట మాత్రం ఇచ్చేది కాదు.

ఉప్పలమ్మకు అప్పటికి యాభై దాటాయి. మగడు పోయి చాలా ఏళ్లయింది. కొడుకు వెంకటరాజం గుంట మగ్గం మీద చీరలు నేస్తుంటే, పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆమె తమ్ముడు రఘుపతి హైదరాబాదులో మిల్లు పని చేస్తూ నాంపల్లి దగ్గర రెండర్రల ఇంట్లో కిరాయికుండేవాడు. ఏడాదికోసారి పోయి తమ్ముణ్ని చూసిరావడం ఆమెకు అలవాటు. పట్నం తొవ్వలు తెలిసిన ఆడమనిషి ఆ వాడకట్టులో ఆమె ఒక్కతే. నుమాయిష్‌లో తాటిచెట్టుకు మించిన రాట్నం తిరుగుతుందని, పిల్లలు ఎక్కే చిన్న రైలుంటుందని, రంగురంగుల కరెంటు బుగ్గలు చెట్లకు కాసినట్టు వెలుగుతాయని ఆమె చెప్పగా విని, ఒక ఏడు అమ్మలక్కలే బతిమాలారు, మా పిల్లలకు గూడా చూపించుకరా అక్కా అని.

అది 1955. ఎంత ఈడు పిల్లలను పంపాలన్నదాని మీద పెద్దలు కూర్చుని, ఎనిమిదేళ్లు నిండితే చాలని తేల్చారు. ఐదుగురు తేలారు. వాళ్లందరిలో పెద్దవాడు గుర్వయ్య కొడుకు. చిన్న రైలు కూత వినబడగానే వాడు ఎవరికీ చెప్పకుండా దాని వెంబడి పోయాడు. ఉప్పలమ్మ తక్కిన నలుగురికి ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, ఆ జనంలో రెండు గంటలు తిరిగింది. వాడు పోలీసుల డేరాలో ఉన్నాడు. తండ్రి పేరేందంటే 'నాయిన' అన్నాడట. ఊరేదంటే 'మా ఊరు' అన్నాడట. పోలీసాయన ఆ రెండు ముక్కలనే మైకులో చెప్పించాడు. చుట్టూ ఉన్నవాళ్లు విని నవ్వారు. ఉప్పలమ్మ మాత్రం అది తమ పిల్లగాడేనని గుర్తుపట్టి, తక్కిన నలుగురినీ లాక్కుంటూ డేరా దిక్కు ఉరికింది.

ఊరికొచ్చాక ఆమె దాచలేదు. నేరుగా గుర్వయ్య ఇంటికి పోయి, ఇట్లా జరిగింది, తప్పు నాదే అని చెప్పింది. అప్పటినుంచి పిల్లల ఏళ్లు లెక్కపెట్టడం మానేసింది. ఈడు వేరు, తెలివిడి వేరు అని ఆమెకు తోచింది. దాన్ని ఎట్లా కొలవాలో కొన్నాళ్లు ఆలోచించి, తనకు తానే ఒక పద్ధతి పెట్టుకుంది.

నుమాయిష్‌కు నెల ముందు, వస్తానన్న పిల్లలను ఒక్కొక్కరిని ఒక్కో వారం నకిరేకల్ అంగడికి వెంట తీసుకపోయేది. మూసీ కట్ట పని మొదలైనప్పటినుంచి ఆ అంగడి కిటకిటలాడేది. కూలీలు, బండ్లు, ఎడ్లు, మిరప రాశులు. అంగడి నడుమకు పోయాక ఉప్పలమ్మ పిల్ల చెయ్యి మెల్లగా వదిలేసి, ఏ బెల్లంబండి చాటుకో తప్పుకునేది. అక్కడినుంచి చూసేది. కొందరు గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. కొందరు అవ్వ లేని సంగతే ఎరగకుండా కోడిపిల్లలను చూస్తూ నిలబడేవాళ్లు. ఎవరైతే కదలకుండా ఉన్నచోటనే నిలబడి, పక్క దుకాణమామెకు తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి, మా అవ్వ వచ్చేదాక ఈడ కూసుంట అనేవాళ్లో, వాళ్లను ఆ ఏడు బస్సెక్కించేది. ఒకసారి ఐదేళ్ల పిల్లను తీసుకపోయి పదేళ్ల అన్నను ఇంట్లోనే ఉంచింది. ఆ తల్లి వాకిట్లో నిలబడి రచ్చచేస్తే, "మొగోడని, పెద్దోడని నేను చూడ. వానికి ఇంకా తెలివిడి రానియ్యి," అని మాత్రం అన్నది. మరుసటేడు వాడే నెగ్గాడు.

అట్లా ఏళ్లు గడిచాయి. ఆమె వెంట పోయినవాళ్లంతా క్షేమంగా తిరిగొచ్చారు. అంత నమ్మకం కుదిరాక, ఉప్పలమ్మ సరేనన్నదంటే తల్లిదండ్రులు మారుమాట లేకుండా పిల్లకు మంచి గౌను తీసి ఉతికేవాళ్లు.

కాని ఆమె ఇంట్లోనే ఒక పిల్ల ఆగిపోయింది. కొడుకు కూతురు బాలనర్సు. ఆరేళ్లప్పుడు మొదటిసారి అంగడికి తీసుకపోతే, చెయ్యి వదిలీ వదలంగనే ఎడ్ల నడుమనుంచి ఉరికింది. ఉప్పలమ్మ వెంటబడి పట్టుకునేసరికి పానం పోయినంత పనైంది. మరుసటేడు అదే కథ, ఈసారి బస్సులు ఆగే జాగాదాకా ఉరికింది. ఎనిమిదేళ్లప్పుడూ అంతే. ముద్దు ముద్దే, లెక్క లెక్కే అనుకుంది ఉప్పలమ్మ. సొంత మనవరాలని ఒక మాట సడలిస్తే రేపు ఇంకొకరి పిల్లను ఏ మొహంతో ఆపాలి?

కోడలు యాదమ్మకు ఇది మింగుడు పడలేదు. ఊళ్లోవాళ్ల పిల్లలంతా పెద్ద రాట్నం ఎక్కిదిగి కతలు చెప్తుంటే తన బిడ్డ మూలకు కూర్చుని వినడం ఆమె చూడలేకపోయింది. మూడోసారి కూడా కాదన్న నాటినుంచి అత్తతో మాట్లాడటం మానేసింది. తిననీకి పిలవాలన్నా మగని చేతనో బిడ్డ చేతనో పిలిపించేది. ఏడాది పొడుగునా ఆ ఇంట్లో మగ్గం చప్పుడు, రాట్నం చప్పుడు తప్ప ఆ ఇద్దరి నడుమ ఒక్క మాట నడవలేదు. బాలనర్సు మాత్రం అవ్వ మీద అలగలేదు. పొద్దున్నే లేచి అవ్వ చుట్టిన కండెల ముందు కూర్చుని ఏవో సవరించేది. పిల్ల పని నేర్చుకుంటున్నది కావచ్చుననుకున్నారు ఇంట్లో.

బాలనర్సుకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు, నాలుగోసారి అంగడికి పోయారు. ఉప్పలమ్మ చెయ్యి వదిలి చాటుకు తప్పుకుంది. పిల్ల ఒక్క క్షణం చుట్టూ చూసి మళ్లీ ఉరికింది. ఉప్పలమ్మకు ఈసారి కోపం రాలేదు, దిగులు పట్టుకుంది. వెతుక్కుంటూ పోతుంటే కుండలమ్ముకునే హనుమమ్మ కొంగు పట్టి ఆపింది.

"ఏమమ్మా, ఏడికి పోయినవ్? నీ మనవరాలు నీ కోసం అంగడంత తిరుగుతాంది."

"నా కోసమా?"

"మరెవరి కోసం? ఏటా గిదే కత. నీలం చీర కట్టుకున్న మా అవ్వను చూసిన్రా, ఆమెకు దూరం ఆనది, ఎడ్ల బండ్ల కింద పడతదేమో, కనబడితే జర చెయ్యి పట్టి ఆపున్రి అని దుకాణం దుకాణం చెప్పుకుంట పోతది."

ఉప్పలమ్మ అక్కడే కుండల పక్కన కూర్చుండిపోయింది. హనుమమ్మ అల్లంత దూరాన ఉన్న పిల్లను కేకేసి పిలిచింది. బాలనర్సు రొప్పుతూ వచ్చి అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకు ఉరికినవ్ బిడ్డా, ఉన్నకాడ ఉండాలె గదా అని ఉప్పలమ్మ నెమ్మదిగా అడిగింది.

"నేను తప్పిపోలేదవ్వా. నువ్వే తప్పిపోయినవ్," అంది పిల్ల. "నీకు కండ్లు ఆనుతలేవు గదా."

ఎవరు చెప్పారని అడిగితే, ఎవరూ చెప్పలేదంది. కండెలల్లో పోగు తెగినా నీకు తెలుస్తలేదు, బాపు మగ్గం ఎక్కకముందు నేనే ఏరి అతుకుతున్న అంది. ఎన్నాళ్లనుంచి అంటే, బడిలో వేయకముందునుంచి అంది. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే తలొంచుకుంది. చెపితే నిన్ను రాట్నం మీదికెల్లి లేపుతరని, అంది.

కండ్లు మసకబారిన సంగతి ఉప్పలమ్మకూ తెలుసు. వయసన్నాక మామూలే అనుకుని ఎవరి దగ్గరా ఎత్తలేదు. నిరుడు నుమాయిష్‌లో దీపాలన్నీ ఒకటే వెలుతురు ముద్దలా కనబడితే, పిల్లల తలలు ముట్టి ముట్టి లెక్కపెట్టుకున్నది. ఆరుగురూ చేతికి తగిలినందుకు సంబరపడ్డదే తప్ప, ఒక్కరు తగలకపోతే ఏం జరిగేదో ఆలోచించలేదు. ఏండ్లుగా పిల్లలకు ఈడొచ్చిందా అని చూసిన మనిషి, తనకు ఆ ఈడు దాటిపోతున్నదేమో చూసుకోలేదు. చూసింది తొమ్మిదేళ్ల పిల్ల.

బస్సు దిగి ఇంటికి పోకుండా ఉప్పలమ్మ వాడకట్టు మొదటి గడప నుంచి మొదలుపెట్టింది. ఆ ఏడు పోవాలని ఎంచిన నలుగురు పిల్లల ఇండ్లకూ వరుసగా పోయింది. బాలనర్సు ఆమె చెయ్యి పట్టి నడిపించింది. ప్రతి ఇంట్లో ఒకటే చెప్పింది. నాకు కండ్లు ఆనుతలేవు, నిరుడు కూడా ఆనలేదు, మీకు చెప్పకుండా మీ పిల్లలను తోల్కపోయిన, అది తప్పు. ఇగ ఈ ఏడు నేను తీసుకపోను. ఆ మాట విని వచ్చిన గుర్వయ్య, మావాని తర్వాత ఇన్నేండ్లు ఏమీ కాలేదు గదా అక్కా, ఫికర్ జెయ్యకు, నువ్వే తోల్కపో అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తెలిసినంక తీసుకపోవుడు తప్పు తమ్మీ అంది.

ఇంటికొచ్చేసరికి ఈ మాట ముందే వచ్చింది. వెంకటరాజం మగ్గం ఆపి కూర్చున్నాడు. ఉప్పలమ్మ మూలకున్న రాట్నం పక్కకు జరిపి, రేపటినుంచి కండెలు యాదమ్మతో చుట్టించుకో కొడుకా అంది. పొయ్యి దగ్గరినుంచి యాదమ్మ లేచి వచ్చింది. ఏడాది తర్వాత అత్తతో నోరు తెరిచింది.

"అత్తా, పిల్లలకు మాటిచ్చినంక పోవాలె. తొవ్వలు నీకు తెలుసు, కండ్లు నాకున్నయి. నేనొస్త."

ఉప్పలమ్మ ఆ గొంతు వచ్చిన దిక్కు తిరిగి, సరే బిడ్డా, ఈసారి బాలనర్సు గూడా మనతోని వస్తది అంది.

యాదమ్మ అప్పటిదాకా నకిరేకల్ దాటి ఎరగదు. నార్కట్‌పల్లిలో బస్సాగితే అదే పట్నమా అని పిల్లలకు వినబడకుండా అత్తనడిగింది. ఉప్పలమ్మ నవ్వకుండా, ఇంకా చాన దూరముంది, జర నడుం వాల్చు అంది. హైదరాబాదులో దిగినప్పటినుంచి ఒక పద్ధతి కుదిరింది. ఎటు పోవాలో, ఎవరిని ఏ భాషలో అడగాలో అత్త చెప్పింది. ఎవరెక్కడున్నారో కోడలు చూసింది. నలుగురు పిల్లలు, బాలనర్సు, మొత్తం ఐదుగురిని ఒక్కసారి కూడా ముట్టి లెక్కపెట్టే అవసరం పడలేదు.

పొద్దువాలే యాళకు నుమాయిష్ దీపాలు వెలిగాయి. పిల్లలను పెద్ద రాట్నం ఎక్కించి, యాదమ్మ కూడా బాలనర్సు పక్కన కూర్చుంది. ఉప్పలమ్మ కింద నిలబడింది. ఏ పెట్టెలో ఎవరున్నారో ఆమెకు తెలియలేదు. అందుకని కిందికి దిగొచ్చిన ప్రతి పెట్టెకూ చెయ్యి ఊపింది. ఎవరి పిల్లలో ఏమో, ముక్కూమొహం తెలియనివాళ్లంతా తిరిగి చేతులూపారు. మనవరాలు పైనుంచి అవ్వా అని పిలిచిన పిలుపు మాత్రం ఆమె గుర్తుపట్టింది.

మరునాడే రఘుపతి అక్కను కండ్ల దవాఖానకు తీసుకపోయాడు. పొరలు ముదిరాయని, ఒక కన్నుకు ఇప్పుడే కోత పెట్టాలని డాక్టరు చెప్పాడు. పిల్లలను రఘుపతి కేతేపల్లిలో దించివచ్చాడు. యాదమ్మ అత్త దగ్గరే ఆగిపోయింది. నలభై రోజులు ఆ రెండర్రల ఇంట్లో ఉండి, మందులు వేసి, అన్నం కలిపి పెట్టి, వాకిట్లోకి నడిపించింది. అన్ని రోజులూ ఆ ఇద్దరు మాట్లాడుకున్న మాటలకు లెక్కలేదని రఘుపతి భార్య తర్వాత చెప్పేది.

ఆ తర్వాత ఏడేండ్లు ఉప్పలమ్మ, యాదమ్మ కలిసే పిల్లలను తోల్కపోయారు. అంగడిలో చెయ్యి వదిలి చూసుడు ఆగలేదు కాని, ఉప్పలమ్మ ఒకటి చేర్చింది. ఎవరైనా ఉరికితే వెంటనే కాదనకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకు ఉరికినవో చెప్పు అని అడిగేది. చెప్పిందంతా వినేది. ఆ తర్వాతనే తేల్చేది.

ఆనాడు ఆ నలభై రోజులు నిండి, డాక్టరు మందపాటి అద్దాలు ఆమె ముక్కు మీద పెట్టిన రోజు, ఎదురుగా ఉన్నది యాదమ్మ. ఉప్పలమ్మ ఆమెను కిందికీ మీదికీ చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపి కోడలి చెంప నిమిరింది.

"గింత బక్కగ ఎప్పుడైనవే?"

"చాన దినాలాయె అత్తా," అంది యాదమ్మ.

ఇంటికి పోయినంక రోజూ నా ముందట్నే కూసోని తిను అని ఉప్పలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని దవాఖాన మెట్లు దిగింది.