బాంబు పేలని మధ్యాహ్నం

ఒక మనిషి తన ఇంట్లో, తన కుర్చీలో, కాలైనా కదపకుండా కూర్చుని ఎంత పెద్ద ఉపద్రవం తెచ్చిపెట్టగలడో మీకు తెలుసుకోవాలని ఉంటే కాసిని నీళ్ళు తాగి వచ్చి కూర్చోండి. చెబుతాను. ఇందులో ప్రాణనష్టం లేదు. పరువు నష్టం మాత్రం దండిగా ఉంది, అదంతా నాదే.

మాది సత్తుపల్లి. నా భార్య రమ ఊరి పక్కనున్న బొగ్గు గని ఆఫీసులో పని చేస్తుంది. నేను ఒక హైదరాబాదు కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాను. పొద్దున్నే ఆమె షిఫ్టుకి వెళ్ళిపోతే నాలుగేళ్ళ మా అమ్ములు, నేను, లాప్‌టాప్ మిగులుతాం. వెనక వీధిలో సుజాత టీచర్ నడిపే చిన్న బడిలో అమ్ములును దింపుతాను. మధ్యాహ్నం తీసుకొస్తాను. ఇద్దరం కలిసి అన్నం తింటాం. నాకు అప్పజెప్పిన ఇంటిపని ఇంతే. ఈ మాత్రం పనిని కూడా ఎలా పాడు చేయవచ్చో కనిపెట్టిన ఘనత నాది.

ఇంట్లోంచి పని మొదలుపెట్టాక నా ఒళ్ళు నెమ్మదిగా కుర్చీ ఆకారానికి వచ్చింది. నడుం పట్టేసింది. బీపీ వచ్చింది. మీటింగు మీద మీటింగు పడి మధ్యాహ్నం అన్నం సాయంత్రం టీతో కలిసిపోయేది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు నా రిపోర్టులు చూసి కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. వేళకు తినమన్నాడు, వేళకు గోలి వేసుకోమన్నాడు, మధ్యమధ్యలో లేచి నడవమన్నాడు. నడుముకు ఒక బెల్టు రాసిచ్చాడు. తిరుగు బస్సులో రమ దారి పొడుగునా డాక్టరు చీటీయే చదివింది. ఇల్లు చేరాక అడిగింది.

"వేళైందని నీకెట్ల తెలుస్తది? ఫోన్ల అలారం పెట్టాల్నా?"

"అలారం ఎందుకు? మనకు బ్లాస్టింగ్ ఉంది గదా" అన్నాను.

బయటి ఊళ్ళవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది భూమిని పైనుంచి తవ్వుకుంటూ పోయే గని. బొగ్గు మీదున్న రాయి పగలడానికి మధ్యాహ్నం పూట మందు పెట్టి పేలుస్తారు. ముందు సైరన్ కూస్తుంది, తర్వాత ఢాం అంటుంది. కిటికీలు గజగజలాడతాయి. అల్మారాలో గ్లాసులు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఊళ్ళోవాళ్ళెవరూ తల ఎత్తరు. కొత్త చుట్టాలను మాత్రం మంచం కింద వెతుక్కోవాలి. అమ్ములు బడి వదిలేది కూడా ఇంచుమించు అదే వేళకు. ఇంతకన్నా మంచి గడియారం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. ఛార్జింగ్ పెట్టక్కర్లేదు, చెవుల్లో ఏం దూర్చుకున్నా కుర్చీ కిందనుంచి తెలిసిపోతుంది.

ఢాం అనగానే లాప్‌టాప్ మూయడం, బడికి నడవడం, బిడ్డతో అన్నం తినడం, గోలి వేసుకోవడం. ఇదీ నా పద్ధతి. నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా పనిచేసింది. పట్టేసిన నడుం కాస్త వదిలింది. బీపీ దిగింది. దిగిన బీపీ స్థానంలో గర్వం ఎక్కింది. నా ఆరోగ్య రహస్యాన్ని అడగనివాళ్ళకు కూడా చెప్పేవాణ్ణి. అమ్ములుకైతే పద్యంలా బట్టీ పట్టించాను.

"బాంబు పేలితే ఎవరొస్తరు?"

"నాన్న వస్తడు."

"వచ్చి?"

"అన్నం తింటం. నువ్వు గోలి మింగుతవ్."

"బాంబు పేలకుంటే?"

"తినొద్దు."

"బిడ్డకు అ ఆలు రాకముందే బాంబులు నేర్పినవ్" అనేది రమ. నా తెలివి చూసి ఓర్వలేక అంటోందనుకునేవాణ్ణి.

ఆ రోజు మధ్యాహ్నం మాకు పెద్ద క్లయింటుతో మీటింగు ఉంది. పొద్దున్నే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చెప్పాల్సిందంతా వల్లె వేసుకుంటున్నాను. రమ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఏదో చెప్పింది. "అవ్ అవ్" అన్నాను. వేలు చూపించి మళ్ళీ ఏదో చెప్పింది. దానికీ "అవ్" అన్నాను. పెళ్ళయిన మగవాళ్ళు ఈ మాటను ఎంత ఉదారంగా ఖర్చు చేస్తారో మీకు తెలియంది కాదు.

మధ్యాహ్నం మీటింగు జోరు మీదుంది. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, మధ్యలో నడుము బెల్టు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వంటింట్లో ఛార్జింగుకి తగిలించాను. తెరంతా స్లైడ్లే. కడుపులో గురగుర మొదలైంది. దాన్ని మందలించాను. బ్లాస్టింగ్ కాకముందే ఆకలేమిటి, ఇది ఉత్త తిండియావ, దీనికి లొంగితే మళ్ళీ బీపీ వస్తుందని ఒక గ్లాసు నీళ్ళు తాగాను. కాసేపటికి కళ్ళు తిరిగాయి. నా సంకల్పబలానికి నాకే ముచ్చటేసింది. రోజూ టీ వేళకు కీబోర్డు మీద పడే ఎండ వచ్చి కీబోర్డు మీద పడింది. ఇవాళ సూర్యుడు తొందరపడుతున్నాడనుకున్నాను. సూర్యుణ్ణి అనుమానించాను కానీ బాంబును అనుమానించలేదు.

తలుపు తెరుచుకుంది, ఒక ఇయర్‌ఫోన్ తీశాను. రమ షిఫ్టు దిగి, ఇంకేదో పని చూసుకుని వచ్చినట్టుంది. నేను మీటింగులో ఉండడం చూసి గొంతు తగ్గించి అడిగింది.

"పాప పండుకుందా?"

మైకు ఆపి చెప్పాను. "లే, బడిలనే ఉంది. ఇంక టైం కాలే."

"టైం కాలేదా?"

"బ్లాస్టింగ్ కాలే గదా."

రమ చేతిలో బ్యాగును చాలా నెమ్మదిగా కింద పెట్టింది. ఆమె దేన్నయినా అంత నెమ్మదిగా కింద పెట్టిందంటే నేను జాగ్రత్తపడాలి.

"పొద్దున నీకేం చెప్పిన?"

"ఏం చెప్పినవ్?"

"ఇయ్యాల పెద్ద సార్లు వస్తున్నరు, బ్లాస్టింగ్ లేదు, గడియారం చూసి పాపను తీస్కరా అని చెప్పిన. రెండుసార్లు చెప్పిన. రెండుసార్లు అవ్ అన్నవ్."

పరుగెత్తి ఫోన్ తీశాను. తెర నిండా సుజాత టీచర్ చేసిన కాల్సే. ఇంతవరకు నవ్వుతూ చెప్పాను కానీ ఈ ఒక్క చోట ఇప్పటికీ నాకు నవ్వు రాదు. నాలుగేళ్ళ పిల్ల. అందరూ వెళ్ళిపోయిన బడి. ఇంకా అన్నం తినలేదు. లాప్‌టాప్ దగ్గరకు వెనక్కి వచ్చాను. "సార్, ఇక్కడ కరెంటు పోయింది" అని మేనేజరుకు చెప్పి మీటింగు వదిలేశాను. నా వెనక గోడకు ఫ్యాను గిరగిరా తిరుగుతూ ఉండడం మీటింగులో అందరూ చూశారట.

రమ స్కూటీ తీసింది. నేను ఇస్త్రీ చొక్కాతో, లుంగీతో, బెల్టుతో వెనక ఎక్కాను. బడి గేటు దగ్గర సుజాత టీచర్ తాళంచెవి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు ఫోన్ చేసిన అన్నా. ఆయమ్మను గూడ మీ ఇంటికి పంపిన. తలుపు కొట్టి కొట్టి వచ్చింది. లోపల ఎవరో ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు, శేఖరన్న లేడు అన్నది."

లోపల చాప మీద అమ్ములు బ్యాగు తగిలించుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కంట నీళ్ళ జాడైనా లేదు. ముందర పప్పన్నం ప్లేటు ముట్టుకోకుండా ఉంది.

"నా అన్నంల నుంచి తీసి పెట్టిన, తింటలేదు" అంది ఆయమ్మ. "బాంబు కాలే అంటది."

"అమ్ములూ, వచ్చిన. పద బిడ్డా."

అమ్ములు నన్ను పైనుంచి కిందికి చూసింది. "బాంబు పేలలే గదా నాన్నా. ఎందుకొచ్చినవ్?"

"ఇయ్యాల పేలదమ్మా."

"పేలకుంటే తినొద్దు. నువ్వే చెప్పినవ్."

ఎత్తుకోబోయాను. కిటికీ ఊచ పట్టుకుని వదల్లేదు. రమ వైపు చూశాను.

"నన్నేం చూస్తవ్? నువ్వే నేర్పినవ్, నువ్వే పేల్చు" అంది రమ.

గొంతు సవరించుకుని "ఢాం" అన్నాను.

"గిది కాదు" అంది అమ్ములు. "సైరన్ కావాలె. కిటికీలు ఊగాలె."

తాళం వేసుకుని ఇంటికి పోవాలన్న తొందర సుజాత టీచర్‌ది. ఆమె కిటికీ తలుపులు పట్టుకుంది. ఆయమ్మ గిన్నె, మూత తీసుకుంది. రమ మొహం అటు తిప్పుకునే సైరన్ కూసింది. నేను ఊపిరంతా బిగబట్టి, భుజాలు వెనక్కి విరిచి, ఎదురింటి కుక్క లేచి పారిపోయేలా ఢాం అన్నాను. కిటికీలు ఊగాయి. గిన్నె మోగింది. దాంతోపాటు నా నడుములో ఏదో కలుక్కుమంది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను.

"అయింది" అంది అమ్ములు తృప్తిగా ఊచ వదిలేసి. "జల్దీ పద నాన్నా. నువ్వు గోలి మింగాలె."

ఆ రాత్రి అమ్ములు నిద్రపోయాక రమ నా నడుముకు మందు రాసింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టలేదు.

"దానికి భయం కాలే, చూసినవా" అంది చివరికి. "నువ్వు రావేమోనని అనుకోనే లేదు. గందుకే నాకు ఇంకా ఎక్కువ కోపమొస్తది నీ మీద."

ఇంతకన్నా తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుని కాసేపు ఏడ్చాను. నడుం నొప్పి అని చెప్పాను.

మర్నాడు తప్పు దిద్దుకోవాలని పట్టుదలగా ఉన్నాను. గడియారం చూశాను, ఫోన్ చూశాను, లాప్‌టాప్ చూశాను. దేని మీదా నమ్మకం కుదరక కుంటుకుంటూ బడికి వెళ్ళాను. పిల్లలు ఇంకా చేతులు జోడించి ప్రార్థన పాడుతున్నారు. సుజాత టీచర్ గేటు దగ్గరకు వచ్చింది. "ఏమైందన్నా, ఇప్పుడే గదా దింపి పోయినవ్" అంది. వరుసలోంచి అమ్ములు నన్ను చూసి, తోటి పిల్లల ముందు తల కొట్టేసినట్టయి, పరుగున వచ్చింది.

"ఏంది నాన్నా, నీకు పని లేదా? ఇంటికి పో" అని గేటు మూసింది.

కాబట్టి సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, సత్తుపల్లి వాస్తవ్యుడనైన నేను పూర్తి స్పృహతో, వంగిన నడుముతో చేస్తున్న ప్రమాణం ఇది. నా ఆకలిని గానీ నా బిడ్డను గానీ ఇక ఏ గనికీ కాంట్రాక్టుకి ఇవ్వను. ఆకలేస్తే తింటాను. బడి వదిలే వేళకు బడి దగ్గర ఉంటాను. అంతకు ముందు మాత్రం వెళ్ళను, అమ్ములు ఊరుకోదు.