జేబుల్లేని బట్ట వద్దనేది

మా అమ్మాయి పోయిందన్న కబురు శనివారం మధ్యాహ్నం వచ్చింది. మిషను మీద కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు ఎక్కిస్తున్నాను. ఫోను చేసింది మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లో దానితో ఒకే ఇంట్లో ఉండే వరంగల్ పిల్ల. ఇద్దరూ కొండల మీదికి ఆకులు చూడ్డానికి వెళ్ళారట. గాలి లేచి పెద్ద చెట్టు కొమ్మ విరిగి మా అమ్మాయి మీద పడిందట. ఆ పిల్ల "ఆంటీ, ఆంటీ" అని ఏడుస్తోందే తప్ప తర్వాత మాట రావడం లేదు. అక్కడి తెలుగు చర్చి పెద్దాయన ఫోను తీసుకుని మిగతాది చెప్పారు. అంతా విని "సరేనండి" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. రాయడం అలవాటు లేదు. మట్టి చేశాక మమ్మల్ని ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు అమ్మాయి గురించి రెండు మాటలు చెప్పమంటే నోరు పెగల్లేదు. అక్కడ చెప్పలేనివి ఇక్కడ చెప్పుకుంటున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. కబురు వచ్చిన సాయంత్రమే మా ఆడబిడ్డ, నాకంటే పెద్దది, నా పక్కనే కూర్చుని అంది. "చదువుకోమని పంపితే షికార్లు తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకుంది." వదిన చెడ్డ మనిషి కాదు. దాన్ని ఎత్తుకు పెంచిన చేతులవి. కానీ ఆ మాట మా బాపట్లలో ఇంటింటికీ వెళ్ళింది.

దాని తండ్రి దాని చిన్నప్పుడే పోయారు. మిషనే మమ్మల్ని బతికించింది. బళ్ళో వేసినప్పుడు గౌను కుట్టి తొడిగితే, రెండు పక్కలా తడుముకుని, "జేబులేవీ?" అంది. ఆడపిల్లల బట్టలకి ఉండవే అంటే ఒప్పుకోలేదు. "జేబుల్లేని బట్ట నాకొద్దు. చేతులెక్కడ పెట్టుకోవాలే?" ఆ రోజునుంచి దాని గౌనుకీ, పంజాబీ డ్రెస్సుకీ, చివరికి పరికిణీకి కూడా జేబులు పెట్టాను. చూసినవాళ్ళు నవ్వేవారు, కండక్టరు ఉద్యోగానికి పంపుతావా అని. ఉతకబోతే ఆ జేబుల్లో చింతపిక్కలు, సుద్దముక్కలు, గవ్వలు. ఖాళీ చేసి వెయ్యవే అని ఎన్నిసార్లు తిట్టినా ఖాళీ చేసేది కాదు.

ఆస్ట్రేలియా వెళ్ళేటప్పుడు కూడా కుర్తాలన్నిటికీ లోతు జేబులు పెట్టించుకుంది. అక్కడ వారమంతా యూనివర్సిటీకి వెళ్ళడం, సాయంత్రాలు ముసలివాళ్ళ హోమ్‌లో పని. మనకు ఎండలు ముదిరే రోజుల్లో అక్కడ ఆకులు రాలతాయి. ఆ రోజుల్లో మాత్రం శనివారం పనికి వెళ్ళేది కాదు. ఐస్‌క్రీమ్ డబ్బాలో నిమ్మకాయ పులిహోర పెట్టుకుని, రైలెక్కి, చివరి స్టేషన్లో దిగి, ఆ వరంగల్ పిల్లా ఇదీ కొండలెక్కేవారు. అక్కడినుంచి వీడియోలో నాకు చూపించేది, చెట్లకు నిప్పంటుకున్నట్టు ఎర్రగా. "నువ్వు చెమట తుడుచుకుంటున్నావు, నేను స్వెట్టర్లో ఉన్నాను, తమాషాగా లేదా అమ్మా?" అనేది. నాకు ఆకుల్లో ఏం కనబడేది కాదు. దాని ముఖమే చూసేదాన్ని. చేతులు ఎప్పుడూ జేబుల్లోనే ఉండేవి.

పట్టా ఇచ్చే రోజుకి నేను రావాలని నాకు పాస్‌పోర్టు ముందే తీయించి పెట్టింది. ఆ పాస్‌పోర్టు మీదే వెళ్ళాను, మా అమ్మాయిని తీసుకురావడానికి. మిగతా కాగితాలన్నీ చర్చివాళ్ళే చూసుకున్నారు.

క్లేటన్‌లో దాని గది చాలా చిన్నది. అలమారలో నేను కుట్టిన కుర్తాలు వరసగా వేలాడుతున్నాయి. మడత పెడదామని తీస్తే జేబుల్లో గరగరమంది. చెయ్యి పెట్టాను. అన్నీ ఎండిన ఆకులు, ముట్టుకుంటే పొడైపోతున్నాయి. ఖాళీ చెయ్యవే అనబోయి ఆగిపోయాను.

ఆ వరంగల్ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రెండు రోజులుగా నాతో మాట్లాడటానికే భయపడుతోంది. కూర్చోబెట్టి అడిగాను. వదినకు చెప్పడానికి నాకు ఏదో ఒకటి కావాలి. చదువు కోసం వెళ్ళారనో, ప్రార్థనకు వెళ్ళారనో చెబుతుందని ఆశపడ్డాను. ఆ కొండల మీద మీకు పనేంటమ్మా అన్నాను.

"పనేం లేదాంటీ," అంది. "ఊర్కనే పోయేటిది. వారమంతా ఒకరి తాన నౌకరీ జేస్తం, ఈ ఒక్కదినం నాదే అనేటిది. ఆకులేరుకుంట ఏరుకుంట బస్సు తప్పించేది. నేను తిడితే నవ్వేటిది."

నా బతుకులో నేను పని లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. బజారుకు వెళ్ళినా దారం కోసం, గుడ్డ కోసం. చర్చికి వెళ్ళినా వచ్చేటప్పుడు ఎవరిదో కొలత తెచ్చుకునేదాన్ని. నా పిల్ల ఊరికే వెళ్ళింది. చెట్టు కింద నిలబడి ఊరికే నవ్వింది. అందులో నాకు తప్పేమీ కనబడలేదు. ఎవరికైనా కనబడితే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

తెల్ల గుడ్డ ఇంటినుంచే తీసుకెళ్ళాను. అక్కడ మిషను లేదు. వంటగది బల్ల దగ్గర కూర్చుని చేత్తోనే గౌను కుట్టాను. దాని కొలతలు నాకు టేపు లేకుండా తెలుసు. ఆఖరున జేబులు పెట్టాను, లోతుగా, రెండు పక్కలా. ఆ పిల్ల చూసింది. బయటకు వెళ్ళి, వీధిలో చెట్ల కింద ఏరి, ఒడినిండా ఎర్రాకులు తెచ్చింది. మర్నాడు మా అమ్మాయిని ఉంచిన చోటికి ఇద్దరం వెళ్ళి, ఆ గౌను తొడిగి, జేబుల నిండా ఆ ఆకులు పెట్టాం. దాని చేతులు మంచులా ఉన్నాయి.

పెట్టె ఇక్కడికి వచ్చాక తెరవడానికి లేదన్నారు. సమాధుల దొడ్లో ఎండ మండిపోతోంది. మట్టి వేస్తుంటే వదిన నా భుజం పట్టుకుని ఏడ్చింది. "కడసారి చూపు కూడా దక్కలేదు. ఎలా ఉందే అమ్మాయి?" అంది.

"బాగుంది వదినా," అన్నాను. "తెల్లగౌను వేశాను. జేబుల్లో చేతులు పెట్టుకుని ఉంది."