అందరూ ఏడ్చిన ఓడ సినిమా... మా బాబాయి గోదావరి

మా చిన్నప్పుడు లాంచీ కొండ మలుపు తిరిగి, దూరాన రాములవారి గోపురం కనబడగానే జనమంతా ఒక్కసారిగా లేచి అటువైపుకే తోసుకుపోయేవారు... చేతులు జోడించడానికి.

"కూకోండమ్మా, కూకోండి బాబూ! దేవుడెక్కడికీ పోడు!" అని లాంచీ నడిపే సరంగు గొంతు చించుకునేవాడు. ఎవరు వింటారు? లాంచీ ఒరిగేది... మళ్ళీ నిలదొక్కుకునేది.

ఒక్కసారి మాత్రం నిలదొక్కుకోలేదు.

ఆనాడు ఆ లాంచీలో నేనున్నాను. మా బాబాయి ఉన్నాడు. పెళ్ళయ్యాక తొలిసారి స్వామి దర్శనానికి బయలుదేరిన మా పిన్ని ఉంది.

ఇంతకాలానికి ఇది రాయడానికి కారణం ఒక సినిమా. ఈ మధ్య కెనడాలోని ఈ సార్నియాకు వెల్లువలా వచ్చిపడిన మన విద్యార్థులలో కొందరు మా అమ్మాయి ఇంటి బేస్‌మెంటులో అద్దెకుంటున్నారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం, బయట మంచు ఆగక, ఎక్కడికైనా పోదామంటే బస్సు లేక, నన్నూ కిందికి పిలిచి ఓడ మునిగే ఆ ప్రేమకథను చూపించారు. లోకమంతా నెత్తిన పెట్టుకున్న చిత్రం... పేరు మీకు తెలిసిందే.

చిత్రం ముగిసేసరికి శ్రావ్య అనే అమ్మాయి దుప్పటి అంచుతో కళ్ళు తుడుచుకుంటోంది. పక్కన ఆమె పెళ్ళాడబోయే నవీన్.

"తాతగారూ, మీకు అస్సలు ఏడుపు రాలేదా?"

"రాలేదమ్మా. దీనికి యోగ్యతకు మించిన కీర్తి దక్కిందనిపిస్తోంది."

"ఓవర్‌రేటెడ్ అంటారా! తాతగారిది రాయి హార్ట్‌రా నవీన్!"

"నువ్వు ముక్కు చీదడం ఆపితే, ఆయనెందుకు అంటున్నారో విందాం," అన్నాడు నవీన్.

ఓడను కట్టిన తీరు, నీరు విరుచుకుపడిన తీరు అద్భుతం... కాదనను. కానీ ఆ సముద్రానికి నాయిక ఎవరో, నాయకుడెవరో ముందే తెలుసు. తక్కిన జనమంతా వారి వియోగం చుట్టూ కట్టిన తోరణం. మన లాక్షణికులు ఒక సున్నితమైన గీత గీశారు. మళ్ళీ కలుస్తామన్న ఆశ మిగిలి ఉంటే అది విరహం. ఆ ఆశ తెగితేనే కరుణం. ఈ చిత్రం ఆశ తెగిన చోట కూడా విరహపు సొగసులు పోతుంది. మృత్యువు వాకిట నిలిచి ఆ ఇద్దరూ ఎంత తీరికగా మాట్లాడుకుంటారు! ఒకరి పేరునొకరు ఎన్నిసార్లు పిలుచుకుంటారు!

అక్కడే నాకు బాబాయి గుర్తొచ్చాడు.

మా ఇళ్ళలో భర్త పేరు భార్య, భార్య పేరు భర్త పలకకూడదు. కొత్త దంపతుల గృహప్రవేశం నాడు మా మేనత్త గుమ్మానికి అడ్డం నిలిచి పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వనంటే, బాబాయి ఉత్తరీయంలోకి ఏదో గొణిగాడు. "గట్టిగా చెప్పరా! అదేమన్నా మంత్రోపదేశమా, మాకు వినబడకుండా?" అని అత్తయ్య దెప్పింది. అందరూ నవ్వారు. పిన్ని తల ఇంకా కిందికి వాలింది. ఆ తరువాత ఆయనకు ఆమె "ఇదిగో"... ఆమెకు ఆయన "ఏమండీ".

లాంచీ బోల్తాపడినప్పుడు ఎవరూ ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. ఎవరో నన్ను జుట్టు పట్టి ఈడ్చి ఇసుకతిన్నె మీదికి విసిరారు. అక్కడినుంచి చూశాను. ఎర్రటి నీరు... తేలే మూటలు... తలలు...

బాబాయి నీళ్ళలో గిరగిరా తిరుగుతూ "ఇదిగో! ఇదిగో!" అని అరుస్తున్నాడు. ఆ హోరులో దానికి ఎవరు పలుకుతారు? నలువైపుల నుంచీ ఆడవాళ్ళ గొంతులు... "ఏమండీ!" "ఏమండోయ్!" మునిగిపోతున్న ప్రతి ఇల్లాలూ తన భర్తను ఆ మాటతోనే పిలుస్తోంది. ఆయనకు ప్రతి గొంతూ పిన్ని గొంతే. ఒక పిలుపు వైపు ఈదాడు. మునుగుతున్న చేయి అందుకున్నాడు. ఇసుక మీదికి లాక్కొచ్చి, ముఖానికి అంటుకున్న జుట్టు తొలగించాడు.

పిన్ని కాదు.

ఎవరో నడివయసు ఇల్లాలు. "ఆయనేరీ బాబూ... మా ఆయనేరీ?" అంటూ బాబాయి కాళ్ళు చుట్టేసుకుంది. విడిపించుకుని మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తాడు. నడుము లోతున నిలబడి, ఆచారాన్నీ సిగ్గునూ వదిలేసి, అప్పుడు... "సుభద్రా!" అని అరిచాడు. గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు.

అప్పటికి నదిలో ఏ గొంతూ మిగల్లేదు.

ఇంతవరకు చెప్పి ఆగాను. నవీన్ టీవీ కట్టేశాడు. శ్రావ్య కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"ముందే పేరుతో పిలిచుంటే... దొరికేవారా తాతగారూ?"

"తెలియదమ్మా."

బాబాయికీ తెలియలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. నేను పెద్దవాడినై ఉద్యోగంలో చేరాక కూడా, నలుగురూ లేని చోట నా భుజం పట్టుకుని అడిగేవాడు... "ఒరేయ్, నువ్వు ఒడ్డునే ఉన్నావు కదా... నేను పేరు పెట్టి పిలిచాక ఎవరైనా పలికినట్టు వినిపించిందా?"

నాకేమీ వినిపించలేదు. ఆ మాట ఆయనతో అన్న ప్రతిసారీ, అప్పుడే మొదటిసారి విన్నట్టు ఆయన ముఖం పాలిపోయేది. ఆ ముఖం ఎరిగినవాడిని... ఆ చిత్రానికి కన్నీరు ఎలా పెట్టను?

ఇప్పుడు కాలం మారింది. ఆలుమగలు పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. నా ఈడువారు కొందరు మొహం చిట్లిస్తారు. నేను చిట్లించను. పిలుచుకోండి నాయనా... వినబడేంత దగ్గరలో ఉండగానే పిలుచుకోండి.

మీ ఇళ్ళలోనూ కట్టుకున్నవాడు ఒక్కనాడూ పేరు పెట్టి పిలవని నాయనమ్మలు, అమ్మమ్మలు, పిన్నులు ఉండే ఉంటారు. వారి పేర్లు కింద రాయండి...

ఒక్కొక్కటీ పైకి చదువుతాను.