బొట్టు నిలవని తెల్లబిళ్ల

మా మామ, అంటే నా భార్య తండ్రి, కర్నూలు బయట ఒక నూనెమిల్లులో హెడ్ ఫిట్టరు. ఆయన కింద నేను ఫిట్టరుని. ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టి నాకు నెయ్యి వడ్డించమని కూతురికి పురమాయించే మనిషే, మిల్లు గేటు దాటగానే “ఏమప్పా, ఆ స్పానరు అందుకునేదానికి ముహూర్తం చూస్తాండావా?” అనేవాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. కాబట్టి మా ఇద్దరి అరుపులు వింటూ పని చేసుకోవడం మిల్లులో అందరికీ అలవాటైపోయింది.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయి, కర్నూలులో ఆఫీసుల గుడారాలు పీకేసిన రోజులవి. ఊరు బోసిపోయింది గానీ మా మిల్లు ఆగలేదు. పత్తికొండ వైపు నుంచి శనక్కాయల బండ్లు వస్తూనే ఉండేవి. నూనె శుభ్రం చేశాక అడుగున జిగట మడ్డి మిగులుతుంది. దాన్ని ఆసిడ్ పోసి ఉడికిస్తే సబ్బులవాళ్లకు పనికొచ్చే నూనె తేలుతుంది. ఆ ఆసిడ్ తొట్టికి ఒక వాల్వు ఉండేది. మా గొడవంతా ఆ వాల్వు మెడ దగ్గరే.

వాల్వు తిప్పే కడ్డీ చుట్టూ రాతినార తాడు చుట్టి, పైన మూత బిగించాలి. పులివెందుల గనుల్లో దొరికే ఈ రాతినార, అదే ఆస్బెస్టాస్, నిప్పుకు భయపడదు గానీ ఆసిడ్ ముందు దాని పప్పులుడకవు. ఎనిమిది రోజులు తిరిగేసరికి చెమర్చేది. మళ్లీ విప్పాలి, మళ్లీ చుట్టాలి. ఆ పని మామ ఇంకెవరినీ తాకనిచ్చేవాడు కాదు. “మీకు చేతకాదు పోండప్పా” అనేవాడు. ఒకసారి అలా చుడుతుండగా చుక్క ఎగిరిపడి ఆయన ఎడమకన్ను పోయింది. ఇక మిగిలింది కుడికన్ను ఒక్కటే.

నా భార్య ప్రాణమంతా ఆ ఒక్క కంటి మీదే ఉండేది. రోజూ పొద్దున సద్ది కడుతూ నాకు అదే పాఠం చెప్పేది. “ఏమయ్యో, ఇద్దరు ఫిట్టర్లుండారు, ఒక వాల్వు నోరు మూసేకి చాతకాదా? మా నాయనకు ఆ కన్ను గూడా పోయిందంటే నీ మొగం చూడను” అనేది. అంత మాట అన్నాక ఇంకో ముద్ద పెట్టేది, అది వేరే సంగతి.

అలాంటప్పుడు మద్రాసు నుంచి ఒక కంపెనీ ఆయన వచ్చాడు. సంచిలోంచి చేతిగాజులా నడుమ బెజ్జమున్న తెల్లటి బిళ్ల ఒకటి తీశాడు. కొత్తరకం ప్లాస్టిక్కట. పేరు చెప్పాడు గానీ మాలో ఎవరి నోరూ తిరగలేదు. దాన్ని మా ఆసిడ్ జాడీలోనే వేసి, తాపీగా కాఫీ తాగొచ్చి బయటికి తీశాడు. మెరుపు కూడా తగ్గలేదు. సలసల ఉడికే మడ్డిలో ముంచి తీస్తే జిడ్డు చుక్క అంటలేదు. మామ వేళ్లతో తడిమి చూశాడు. “పట్టుకుంటే జారిపోతాండాది గదప్పా, మా అల్లుడు చెప్పే సాకుల మాదిరి!” అన్నాడు. మిల్లంతా గొల్లుమంది. నేనొక్కణ్నే నవ్వలేదు.

తాడుకు బదులు దాన్ని కడ్డీకి తొడిగి, మూత మెల్లగా బిగించమని కంపెనీ ఆయన చెప్పిపోయాడు. మామకు మెల్లగా అనే మాట తెలియదు. రాతినార తాడును బిగించినట్టే స్పానరు పట్టుకుని వేలాడాడు. నాలుగు రోజులకు ఆ ప్లాస్టిక్కు మూత కింద నలిగి పక్కకు పాకింది, ఆసిడ్ కారడం మొదలైంది. మెత్తటి సరుకు, ఒత్తిడి ఎక్కువైతే అలా జరుగుతూ పోతుందట.

“చూస్తివా, ఉత్త వెన్నముద్ద!” అన్నాడు మామ, పండగొచ్చినంత సంబరంగా.

“నువ్వు బిగించలేదు మామా, పిసికినావు” అన్నాను.

“అది కాదప్పా. బొట్టు పెట్టకుండా ఎక్కించినాం. అదీ తప్పు.”

మా మిల్లులో కొత్త వస్తువేదైనా సరే, మామ కుంకుమ బొట్టు పెట్టనిదే పనిలోకి దిగదు. కొత్త స్పానరుకైనా, కొత్త బెల్టుకైనా అంతే. ఆ తెల్లబిళ్లను ఆయన అసలు వస్తువుగానే లెక్కపెట్టలేదు కాబట్టి బొట్టు పెట్టలేదు. అది కారేసరికి కూలీలందరూ మామ పక్షమే చేరారు.

నేను మద్రాసుకు ఉత్తరం రాశాను. కంపెనీ ఆయన ఈసారి ఇంకో బిళ్ల తెచ్చాడు. అదే ప్లాస్టిక్కులో గాజుపొడి కలిపి చేసిందట. ఒత్తినా పక్కకు జారదు, ఆసిడ్ ఏమీ చేయలేదు. అలాంటిది ఆయన దగ్గర ఒక్కటే ఉంది. పైన గోటిగీత పడినా కారుతుంది, జాగ్రత్త అని మరీ మరీ చెప్పాడు. మామ వెంటనే తీర్పు చెప్పేశాడు. “శుక్రవారం బొట్టు పెడతా. బొట్టు నిలిస్తే ఎక్కిస్తాం, నిలవకపోతే నా తాడు నాకుండాది.”

దేన్నీ అంటనివ్వకపోవడమే దాని గుణం. బొట్టు ఎలా నిలుస్తుంది? బిళ్లను ఇంటికి తెచ్చి నేనూ నా భార్యా కూర్చున్నాం. నీళ్ల కుంకుమ జారిపోయింది. ఆముదంతో కలిపితే జారిపోయింది. బెల్లంపాకంలో కలిపితే ఇంకా హాయిగా జారిపోయింది. తుమ్మబంక కాసేపు ఆశపెట్టి, ఎండాక పెచ్చులా ఊడిపడింది. “దీని జన్మకు సిగ్గూ శరమూ గూడా అంటేటట్టు లేదే!” అని నెత్తి కొట్టుకుంది నా భార్య. నాకు ఒళ్లు మండి గరుకు కాగితం తీశాను. కాస్త గీకితే నిలవదా? ఆమె నా చేతిలోంచి లాక్కుంది. “గీత పడితే కారుతాదని ఆయప్ప చెప్పలేదా? కారితే యాడ పడతాది? మా నాయన మొగం మీదనే గదా!”

శుక్రవారం పొద్దున అందరూ వాల్వు చుట్టూ చేరారు. మామ చేతులు కడుక్కుని, అరచేతిలో కుంకుమ తడిపి, బిళ్ల మీద బొటనవేలు ఒత్తాడు. వేలు తీయగానే బొట్టు జారి ఆయన కాళ్ల దగ్గర నేలమీద పడింది. బిళ్ల ఎప్పటిలాగే తెల్లగా ఉంది. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గొంతు సవరించుకున్నాను. రాత్రంతా సిద్ధం చేసుకున్న తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి.

మామ బిళ్లను కుడికంటి దగ్గరికి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

“చూడండప్పా, ఎంత ఎర్రగా నిలబడిందో! మా అల్లుడు నిలవదని బెంగ పెట్టుకునింటాడు.”

ఎగతాళి అనుకుని నేను నవ్వాను. ఆయన కూడా నవ్వుతాడని చూశాను. నవ్వలేదు. బిళ్లను నా వైపు చాచాడు. ఆ చాచిన చెయ్యి నాకు జానెడు పక్కగా ఆగింది. “ఈసారి నువ్వే ఎక్కించప్పా. నేను పిసుకుతానంటివి గదా” అన్నాడు.

నవ్విన కూలీ నోరు మూసుకున్నాడు. నేను బిళ్ల ఎక్కించి, మెల్లగా బిగించి, వాల్వు తిప్పాను. ఒక్క చుక్క కారలేదు. అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం మామ కుడికన్నునే చూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నం సద్దిమూట విప్పుకున్నాక అడిగాను. “ఎప్పట్నుంచి మామా?”

ముద్ద కలుపుతూనే చెప్పాడు. “ఈ కన్ను గూడా మసకబారి రెండేండ్లాయ. మనిషుండేది తెలుస్తాది. ఎవరనేది గొంతును బట్టి చెప్తా. తాడు చుట్టేకి కండ్లెందుకప్పా, వేళ్లుండాయి గదా.”

నాకు దుఃఖమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. “చూపు లేకుండా ఆసిడ్ ముందర మొగం పెట్టి కూచుంటివా? నీ బిడ్డకు నేనేం జవాబు చెప్పాల? ఒక్క మాట చెప్పింటే ఆ తాడేదో నేను చుట్టనా?” అని అరిచాను.

“చుడతావనే చెప్పలేదు” అన్నాడు మామ. “నా బిడ్డ మొగునికి రెండు కండ్లూ ఉండాల గదప్పా.”