ఆశాజ్యోతి తిరగరాసిన ఫంక్షన్

కాకినాడ భానుగుడి దగ్గర ఒక మేడ మీద ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసు ప్రైవేటు ఆస్పత్రులకు బిల్లింగ్ ప్రోగ్రాములు తయారుచేస్తుంది. ఆశాజ్యోతి అక్కడ చాలాకాలంగా పనిచేస్తోంది. రాజమండ్రిలో పెరిగిన పిల్ల. చిన్నప్పుడు లూథరన్ చర్చిలో ఆదివారం వాక్యం చదివేది ఆమే. కోడ్ కూడా పైకి చదివితే అర్థమయ్యేలా ఉండాలని ఆమె నమ్మకం. ఆఫీసులో ఆ మాట ఎవరూ కాదనలేదు, పట్టించుకోనూ లేదు.

ప్రోగ్రాములో ఒక్కో పని చేసే కోడ్ భాగాన్ని ఫంక్షన్ అంటారు. పేషెంటు డిశ్చార్జి అయ్యేటప్పుడు బిల్లు లెక్కగట్టే ఫంక్షన్ అంటే అక్కడ అందరికీ భయం. ఇప్పుడు మేనేజరుగా ఉన్న చంద్రరావు గారు ఎప్పుడో రాసింది. ఇన్సూరెన్సు ఉంటే ఒకలా, లేకపోతే ఇంకోలా, ఉండి కూడా గది మారితే మరోలా. షరతులో షరతు, దాని లోపల ఇంకో షరతు. ఎక్కడ చెయ్యి పెడితే ఏం తేడా వస్తుందో రాసినాయనకే తెలియదు.

చెన్నై నుంచి వచ్చిన కొత్త క్లయింటు, కోడ్ ఎంత చిక్కుగా ఉందో కొలిచి చూపించమన్నాడు. ఒక్కో ఫంక్షన్‌లో దారి ఎన్నిచోట్ల చీలుతోందో లెక్కపెట్టి అంకె వేసే టూల్ తెచ్చారు. అంకె పెద్దదైతే ఎరుపు, చిన్నదైతే ఆకుపచ్చ. డిశ్చార్జి ఫంక్షన్ అంకె చూసి చంద్రరావు గారు తప్ప అందరూ నవ్వారు. దాన్ని సరిచేసే పని ఆశాజ్యోతికి ఇచ్చారు. ఆమెకు నిజంగానే సంతోషమేసింది.

ముందు ఆ ప్రోగ్రాము వాడే ఒక ఆస్పత్రికి వెళ్లింది. బిల్లింగ్ కౌంటర్లో ఏళ్లుగా బిల్లులు వేస్తున్న సంపూర్ణమ్మ గారి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏ బిల్లు ఎలా వేస్తారో అడిగి తెలుసుకుంది. సగం షరతులు ఎప్పుడో ఎత్తేసిన స్కీములవని తేలింది. వాటిని తీసేసింది. మిగిలినవాటిని సంపూర్ణమ్మ గారు చెప్పిన వరసలో, ఆవిడ వాడే పేర్లతోనే ఒకదాని కింద ఒకటి పెట్టింది. చదువుతుంటే ఆవిడే పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. అంకె బాగా దిగింది. ఆకుపచ్చ మాత్రం కాలేదు. బిల్లుల్లోనే అన్ని రకాలున్నాయి మరి.

చంద్రరావు గారు మొత్తం చదివారు.

“బావుందమ్మా. కానీ రిపోర్టులో ఎరుపే కదా కనబడేది?”

“ఇంకా విడగొడితే అంకె తగ్గుద్దండి. చదివేవాళ్లకి కష్టమవుద్ది.”

“చదివేదెవరమ్మా? క్లయింటు చూసేది రంగే.”

ఆ ఫైలు అదే ఆఫీసులో పనిచేసే గణేష్‌బాబు చేతికి వెళ్లింది. అతను దాన్ని వంకాయ తరిగినట్టు తరిగి, ముక్కలకి చెక్ వన్, చెక్ టూ అని పేర్లు పెట్టాడు. ఏ ముక్కకా ముక్క చిన్నదే కాబట్టి అన్నీ ఆకుపచ్చ. ఒక్క బిల్లు అర్థం చేసుకోవాలంటే మాత్రం ఫైలు నుంచి ఫైలుకి గెంతాలి. గణేష్‌బాబు టీమ్ లీడయ్యాడు. ఆఫీసులో కాజాలు పంచారు. ఆశాజ్యోతీ ఒకటి తీసుకుంది.

ఆ తరగడంలో వరస తప్పింది. బిడ్డ మంచం అద్దె ఒకసారి కలిసిందో లేదో చూసే ముక్క, కలిపే ముక్క కంటే వెనక్కి పోయింది. పురిటికి వచ్చినవాళ్లందరికీ ఆ అద్దె రెండుసార్లు పడింది. జనం కౌంటర్ మీద పడి తిట్టారు. బిల్లులు వేసింది ఆవిడే కాబట్టి ఆస్పత్రివాళ్లు సంపూర్ణమ్మ గారిని అక్కడి నుంచి తీసి రికార్డు రూములో వేశారు.

తప్పు వెతకమని ఆశాజ్యోతినే పిలిచారు. తన చేత్తో పేర్చిన కోడ్‌లో తనే దారి తప్పింది. చివరికి దొరికింది. క్లయింటుతో మీటింగులో, ఆ ఫంక్షన్ తిరగరాసింది ఆశాజ్యోతి అని చంద్రరావు గారు చెప్పారు. గణేష్‌బాబు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మీటింగు అయ్యాక, వరస మార్చింది తను కాదని ఆమె చెప్పబోయింది.

“ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, సరైపోయింది కదా,” అన్నారాయన.

ఆ ఏడాది ఆమె పనితీరు గురించి ‘అజాగ్రత్త’ అని రాశారు.

సంపూర్ణమ్మ గారిని చూడ్డానికి రికార్డు రూముకి వెళ్లింది. దుమ్ము ఫైళ్ల మధ్య కూర్చున్న ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

“నా పక్కనే కూర్చుని అన్నీ రాసుకెళ్లావు కదమ్మా. ఎక్కడ పొరబడ్డావు?”

“నేను రాసింది వేరేవాళ్లు మార్చేశారండి.”

“అలాగేలే,” అని ఆవిడ మళ్లీ పనిలో పడింది. నమ్మలేదని ఆశాజ్యోతికి తెలుస్తూనే ఉంది.

తరవాత ల్యాబు టెస్టుల ఫంక్షన్ ఆమెకిచ్చారు. ఈసారి ల్యాబు వైపు వెళ్లలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. కూర్చున్నచోటే ముక్కలు చేసి, నంబర్లే పేర్లుగా పెట్టి, భోజనాల వేళకి ఇచ్చేసింది. చంద్రరావు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు.